మొగ దాటి వచ్చే నీరు, నీటితో వచ్చే లార్వాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తీరంలోని ఉప్పునీటి సరస్సుల గురించి మాట వచ్చినప్పుడల్లా "మొగ (సరస్సు సముద్రంతో కలిసే దారి) తెరిచి ఉందా, పూడిపోయిందా" అన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. లార్వాకు, అంటే గుడ్డు నుంచి వచ్చి ఇంకా పూర్తి రూపం రాని రొయ్య పిల్లకూ పీత పిల్లకూ, అది సగం ప్రశ్నే. ఏ నెలలో తెరిచి ఉంది, రాత్రి పోటుకు నీరు ఎంత వేగంతో వస్తోంది, అడుగున ఉప్పదనం ఎలా ఉంది అన్నవే మిగతా సగం. ఈ జవాబులు ఎక్కువగా ఆ మిగతా సగం గురించే.

లగూన్ అని దేన్ని అంటారు?

సముద్రానికీ నేలకూ మధ్య ఇసుక తిన్నె అడ్డుగా ఉండి, దాని వెనక తీరం వెంబడి పరుచుకున్న లోతు తక్కువ నీటిని లగూన్ అంటారు. ఒకటో రెండో మొగల ద్వారా సముద్రంతో సంబంధం ఉంటుంది. చాలా లగూన్లలో సగటు లోతు రెండు మూడు మీటర్లు కూడా దాటదు. ప్రపంచ తీరరేఖలో సుమారు 13 శాతం మేర ఇలాంటివే ఉన్నాయని అంచనా. మన తూర్పు తీరంలో చిలికా, పులికాట్ ఈ కోవలోవి.

వీటిని మొగలను బట్టి మూడు రకాలుగా విడదీయడం 1986లో బ్యోర్న్ షెర్వే అనే సముద్ర శాస్త్రవేత్త చేసిన పని. ఒకే ఇరుకు మొగ ఉన్నవి, రెండు మూడు మొగలున్నవి, తిన్నె పొడవునా ఎన్నో చోట్ల తెరుచుకుని ఉన్నవి. లార్వాల సంగతి అర్థం కావాలంటే ముందు మన సరస్సు ఈ మూడింటిలో ఏదో తెలియాలి. మొదటి రకంలో మొత్తం భారం ఒక్క మొగ మీదే పడుతుంది.

సముద్రపు నీరు లోపలికి ఏ బలంతో వస్తుంది?

మొదటిది పోటు. సముద్ర మట్టం లోపలి మట్టం కంటే పైకి లేచినప్పుడు నీరు లోపలికి పారుతుంది, తగ్గినప్పుడు బయటికి పోతుంది. రోజుకు రెండు పోట్లు వచ్చే తీరాల్లో ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే పోటు వేళ రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది.

రెండోది గాలి. సముద్రం వైపు నుంచి రోజుల తరబడి వీచే గాలి తీరాన నీటిని ఎగదోస్తుంది. మూడోది వాతావరణ పీడనం. పీడనం ఒక మిల్లీబారు పడిపోతే సముద్ర మట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. వాయుగుండం వచ్చినప్పుడు ఈ రెండూ కలిసి, మామూలు పోటుకు రానంత నీటిని లోపలికి తోస్తాయి. పోటు తక్కువగా ఉండే తీరాల్లో ఏడాది మొత్తం మీద లోపలికి చేరే ఉప్పునీటిలో గాలి వాటా చాలా పెద్దది. పోటు పట్టికలు మాత్రమే చూసి లెక్కలు వేసేవాళ్ళు దీన్ని మరిచిపోతుంటారు.

అమావాస్యకూ పౌర్ణమికీ నీరు ఎక్కువ వస్తుందంటారు, నిజమేనా?

నిజమే. సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలోకి వచ్చే ఆ రోజుల్లో పోటుకూ ఆటుకూ మధ్య తేడా పెరుగుతుంది. అష్టమి దరిదాపుల్లో తగ్గుతుంది. అయితే గరిష్ఠ పోటు సరిగ్గా తిథి నాడే రాదు. చాలా తీరాల్లో ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది.

బయట మీటరు ఎత్తు పోటు ఉన్నా లోపల జానెడు కూడా కనబడదు. ఎందుకు?

మొగ ఇరుకు. పోటు ఉండేది ఆరు గంటలే. ఆ వ్యవధిలో అంత పెద్ద సరస్సు నిండేంత నీరు ఆ సందులోంచి రాలేదు. ఈలోపే బయట ఆటు మొదలవుతుంది. నేలతో, మొక్కలతో రాపిడి కూడా తోడై, మొగ నుంచి దూరం వెళ్ళేకొద్దీ పోటు ఎత్తు తగ్గుతూ, వేళ ఆలస్యమవుతూ పోతుంది.

అలాగని వచ్చే నీరు తక్కువేమీ కాదు. 100 చదరపు కిలోమీటర్ల సరస్సులో మట్టం 20 సెంటీమీటర్లు లేస్తే ఒక్క పోటుకు 2 కోట్ల ఘనపు మీటర్ల నీరు వచ్చినట్టు. అందులో కొంత భాగం కొత్త నీరు కాదు. కాసేపటి క్రితం ఆటులో బయటికి పోయి మొగ ముందే తచ్చాడిన నీరే పోటు మొదట్లో వెనక్కి వస్తుంది. అసలైన సముద్రపు నీరు, దానితో పాటు లార్వాలు, పోటు సగం గడిచాక దండిగా వస్తాయి. కాబట్టి పోటు మొదలైన అరగంటలో వల వేసి "లార్వాలు లేవు" అని తేల్చేయడం తొందరపాటే.

ఉప్పునీరు అడుగునుంచే ఎందుకు వస్తుంది?

సముద్రపు నీటిలో వెయ్యికి సుమారు 35 పాళ్ళు లవణాలు ఉంటాయి, అందుకే అది బరువు. నదుల నుంచి వచ్చిన మంచినీరు తేలిక. రెండూ కలిసేచోట ఉప్పునీరు కిందుగా చొచ్చుకొస్తే, మంచినీరు పైనుంచి సముద్రంలోకి జారుతుంది. గాలీ ప్రవాహమూ బలంగా ఉన్నప్పుడు ఈ పొరలు కలిసిపోతాయి. పొరలు నిలిచి ఉన్నంతకాలం అడుగు పొర సగటున లోపలికీ, పై పొర సగటున బయటికీ నడుస్తుంటాయి. ఏ లోతులో ఈదాలో తెలిసిన లార్వాకు ఇది పెద్ద ఆసరా.

ఎవరి లార్వాలు ఇవి? సముద్రంలో పుట్టి లగూన్‌లోకే ఎందుకు రావాలి?

టైగర్ రొయ్య, తెల్ల రొయ్య వంటి పెనియిడ్ రొయ్యలు, మండపీత, పాలబొంత, మల్లెట్ జాతి చేపలు, అట్లాంటిక్ తీరాల్లో ఈల్ చేపలు... జాబితా పెద్దదే. వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. పెద్దవి సముద్రంలో గుడ్లు పెడతాయి, పిల్లలు లోతు తక్కువ నీటిలో పెరుగుతాయి.

గుడ్డుకూ తొలి దశ లార్వాకూ నిలకడైన ఉప్పదనం కావాలి. లగూన్‌లో ఒక్క వానకు ఉప్పదనం సగానికి పడిపోవచ్చు. మండపీత తొలి లార్వాలు అలాంటి నీటిలో బతకవు. అందుకే గుడ్ల పీత సముద్రంలోకి వెళ్ళిపోతుంది. కాస్త పెద్దయ్యాక లెక్క తిరగబడుతుంది. బయట మేత పలచన, పట్టి తినే చేపలు ఎక్కువ. లోపల బురద, సముద్రపు గడ్డి, మడ చెట్ల వేళ్ళు, కుళ్ళిన ఆకు మేత, దాక్కోవడానికి చోటు ఉన్నాయి. ఉప్పదనం మారడాన్ని తట్టుకునే శక్తి సరిగ్గా ఆ వయసుకే వస్తుంది.

రొయ్య పిల్ల ప్రయాణం ఎన్నాళ్ళు?

ఒక తల్లి రొయ్య ఒక్క కాన్పులో లక్షల గుడ్లు వదులుతుంది. ఒక రోజు లోపే అవి పొదిగి నాప్లియస్‌లు బయటికి వస్తాయి. ఇవి మేత తినవు, ఒంట్లోని పచ్చసొన మీదే రెండు రోజులు గడుపుతాయి. తర్వాత ప్రోటోజోయియా దశలో నాచు కణాలు, మైసిస్ దశలో సూక్ష్మజీవులు తింటాయి. హేచరీలో (గుడ్లు పొదిగించి పిల్లలను పెంచే కేంద్రంలో) పనిచేసేవాళ్ళకు ఈ పేర్లన్నీ నోటికి వచ్చినవే. సుమారు రెండు వారాల్లో పోస్ట్ లార్వా తయారవుతుంది. సీడ్ అని వాడుకలో అనేది దీన్నే. సముద్రం నుంచి మొగ దాటేది ఎక్కువగా ఈ దశలోనే, సెంటీమీటరు అటూ ఇటూ పొడవులో.

పాలబొంత పిల్లలు కూడా పుట్టిన రెండు మూడు వారాలకు ఒడ్డు చేరతాయి. అప్పటికి అవి కళ్ళు మాత్రమే నల్లగా కనిపించే గాజు పోగుల్లా ఉంటాయి. యూరప్ ఈల్ కథ మాత్రం వేరు. అట్లాంటిక్ పడమటి భాగంలోని సర్గాసో సముద్రంలో పుట్టి, ఆకులాంటి లార్వాగా అట్లాంటిక్ దాటి వస్తుంది. అది అక్కడ పుడుతుందని డెన్మార్క్ శాస్త్రవేత్త యొహానెస్ ష్మిట్ ఏళ్ళ తరబడి వెతికి 1922లో ప్రకటించాడు.

అంత చిన్న ప్రాణి మొగలోని ప్రవాహాన్ని ఎలా గెలుస్తుంది?

గెలవదు. ఎక్కి వస్తుంది. మొగలో నీరు సెకనుకు ఒక మీటరు వేగంతో పారడం మామూలే. రొయ్య పోస్ట్ లార్వా సెకనుకు కొన్ని సెంటీమీటర్లు ఈదితే గొప్ప. ఎదురీతకు దిగితే ఓటమి ఖాయం, పైగా ఊరికే తేలుతూ ఉంటే పోటుకు లోపలికీ ఆటుకు బయటికీ ఊగిసలాడడమే తప్ప ముందుకు పోవడం ఉండదు.

అది చేసేది నిలువు ఈత. పోటు వేళ నీటి మధ్యకు లేస్తుంది, ప్రవాహం మోసుకుపోతుంది. ఆటు మొదలవగానే అడుగుకు దిగి ఇసుకనో గడ్డినో అంటిపెట్టుకుంటుంది. అడుగున రాపిడి వల్ల ప్రవాహం బలహీనంగా ఉంటుంది. మళ్ళీ పోటు రాగానే లేస్తుంది. మెట్లు ఎక్కినట్టు ఒక్కో పోటుకు కొంత దూరం లోపలికి జరుగుతుంది. నాలుగైదు మీటర్ల నిలువు ఈతతో కిలోమీటర్ల అడ్డ ప్రయాణం సాధిస్తుందన్నమాట. సముద్ర జీవశాస్త్రంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం తెచ్చే ఉపాయం మరొకటి ఉందో లేదో.

పోటు వచ్చిందని దానికెలా తెలుస్తుంది అన్నదానికి కొన్ని మంచి ప్రయోగాలున్నాయి. ఫ్లోరిడా గులాబి రొయ్య పోస్ట్ లార్వాలు ఉప్పదనం తగ్గగానే అడుగుకు దిగుతాయనీ, పెరగగానే చురుగ్గా పైకి లేస్తాయనీ 1960ల్లోనే చూశారు. ఆటు నీరు ఉప్పన తక్కువ, పోటు నీరు ఉప్పన ఎక్కువ కాబట్టి ఆ ఒక్క గుర్తు చాలు. నదీ జలం పెద్దగా లేని చోట్ల ఉప్పదనంలో తేడా రాదు. అక్కడ నీటి ఎత్తుతో మారే పీడనం ఆ పని చేస్తుంది. మీద నీరు పెరిగితే పోటు అన్నట్టు. పీత మెగలోపాలకు (చివరి దశ లార్వాలకు) నీటి సుడి కదలిక కూడా గుర్తే. ఈల్ పిల్లలు లోతట్టు నీటి వాసనకు స్పందిస్తాయని 1961లో క్రూట్స్‌బెర్గ్ అనే శాస్త్రవేత్త చూపించాడు. బొగ్గుతో వడగట్టి వాసన తీసేసిన నీటికి అవి అలా స్పందించలేదు.

మరి మొగ ముందు దాకా వాటిని ఎవరు తెస్తారు?

ఇక్కడ అదృష్టం పాలు ఎక్కువ. తీరానికి దూరంగా ఉన్నంతసేపూ తీర ప్రవాహాలు, గాలి తోసే పై పొర, కెరటాల కదలిక ఎటు తీసుకుపోతే అటే. లార్వాలు లోతు మార్చుకుంటూ కొంత దిశ మార్చగలవు. అంతకుమించి చేయలేవు. ఒకే మోతాదులో గుడ్లు పడిన రెండు సంవత్సరాల్లో ఒక ఏడు పిల్లలు కుప్పలుగా రావడం, మరో ఏడు అసలు కనబడకపోవడం ఇందుకే. పిల్లల బతుకు మేత దొరికే తొలి రోజుల మీద, ప్రవాహం తోసిన చోటు మీద ఆధారపడుతుందని నార్వే శాస్త్రవేత్త యోహాన్ యోర్ట్ 1914లోనే రాశాడు. వంద ఏళ్ళు దాటినా ఆ మాట చెల్లుతూనే ఉంది.

రాత్రి పూటే ఎందుకు ఎక్కువ దొరుకుతాయి?

పగలు నీటి మధ్యకు లేస్తే చేపలు చూసి తినేస్తాయి. కాబట్టి చాలా జాతులు చీకటి పోటునే ఎంచుకుంటాయి. చీకటి, పోటు, అమావాస్య మూడూ కలిసిన రాత్రులు మంచి పంట. నీరు బాగా మురికిగా ఉంటే పగలు కూడా వస్తాయి, ఎందుకంటే కిందకు వెలుతురే దిగదు.

మొగ ఎందుకు పూడిపోతుంది?

కెరటాలు తీరాన్ని ఏటవాలుగా తాకినప్పుడు ఇసుక ఒడ్డు వెంబడి నడుస్తుంది. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఈ నడక ఉత్తరం వైపే, అదీ లక్షల ఘనపు మీటర్లలో. ఆ దారిలో మొగ ఒక గండి. ఇసుక దాన్ని పూడ్చాలని చూస్తుంది, పోటూ ఆటూ దాన్ని కడిగేయాలని చూస్తాయి.

ఎవరు గెలుస్తారన్నది ఒక్కో పోటుకు మొగ దాటే నీటి పరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఆ పరిమాణానికీ మొగ అడ్డకోత వైశాల్యానికీ సూటి సంబంధం ఉందని అమెరికా ఇంజనీరు మోరో ఒబ్రయిన్ 1931లో చూపించాడు. దాన్ని మరో ఇంజనీరు ఎస్కోఫియర్ 1940లో మరో అడుగు ముందుకు తీసుకెళ్ళాడు. మొగలో గరిష్ఠ వేగం సెకనుకు సుమారు ఒక మీటరు ఉంటే ఇసుక కొట్టుకుపోతుంది. వేగం అంతకంటే తగ్గితే ఇసుక నిలుస్తుంది, నిలిచిన ఇసుక దారిని ఇంకా ఇరుకు చేస్తుంది, వేగం ఇంకా తగ్గుతుంది. ఒకసారి ఆ గీత కిందికి జారిన మొగ తనంతట తాను కోలుకోదు. వరద రావాలి, లేదా తవ్వాలి.

లోపల సరస్సు మేట వేసి కుంచించుకుపోయినా, గట్లు కట్టి పక్క భూములు వేరు చేసినా, నదుల మీద ఆనకట్టలు కట్టినా మొగ దాటే నీరు తగ్గుతుంది. మొగ జబ్బుకు మూలం చాలాసార్లు మొగ దగ్గర ఉండదు.

మొగ మూసుకుపోతే లార్వాలు అసలు రావా?

దాదాపు రావు. పెద్ద కెరటాలు ఇసుక తిన్నె మీదుగా పొర్లి పడినప్పుడు కొన్ని పిల్లలు లోపలికి చేరతాయి. ఏడాదిలో కొంతకాలం మూసుకునే ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా లగూన్లలో ఇది చూశారు. కానీ అది పెద్ద సరస్సు మొత్తాన్ని నింపే దారి కాదు. అప్పటికే లోపల ఉన్న చేపలు పెరుగుతాయి, కొత్త తరం మాత్రం ఉండదు. ఎండాకాలంలో నీరు ఆవిరై సముద్రం కంటే ఉప్పన కూడా అవుతుంది. దక్షిణ ఆస్ట్రేలియాలోని కూరోంగ్‌లో, అమెరికా లగూనా మాడ్రేలో ఆ స్థితి చూడవచ్చు.

యంత్రాలతో తవ్వేస్తే సరిపోతుందిగా?

కొన్నిచోట్ల అద్భుతంగా సరిపోయింది. చిలికాలో పాత మొగ ఉత్తరానికి జరుగుతూ పోయి, సముద్రపు నీరు పొడవైన కాలువ గుండా రావలసి వచ్చేది. 2000 సెప్టెంబరు 23న సరస్సుకు దగ్గరగా కొత్త మొగ తెరిచారు. దారి సుమారు 18 కిలోమీటర్లు తగ్గింది. ఉప్పదనం తిరిగి వచ్చింది, మంచినీటి కలుపు తగ్గింది. 1999–2000లో 1,700 టన్నుల చుట్టూ ఉన్న చేపలు, రొయ్యలు, పీతల దిగుబడి 2001–02 నాటికి 12,000 టన్నులకు చేరువైంది. చిత్తడి నేలల రక్షణకు దేశాలు చేసుకున్న రామ్‌సర్ ఒప్పందం కింద, చిక్కుల్లో ఉన్నవాటి జాబితా నుంచి 2002లో చిలికా పేరు తీసేశారు.

దీన్ని చూసి ప్రతి సరస్సుకూ అదే మందు అనుకోవడం ప్రమాదం. చిలికాలో నదులు ఇంకా నీరు తెస్తున్నాయి, లోపల పోటును పీల్చుకునే విశాలమైన చోటు ఉంది. అవి లేనిచోట తవ్విన గండి కొన్ని వారాల్లో పూడిపోతుంది. పులికాట్ మొగలు ఎండాకాలంలో మేట వేయడం, ఈశాన్య రుతుపవనాల వరదకు తెగడం ఏటా చూస్తున్నదే.

తవ్వే వేళ గురించి నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. నిధులు విడుదలైన నెలలో కాదు, ఆ తీరంలో పోస్ట్ లార్వాలు వచ్చే నెలలకు ముందు తవ్వాలి. పిల్లలు వచ్చిపోయాక తెరిచిన మొగ పడవలకు పనికొస్తుంది, ఆ ఏటి రొయ్యలకు పనికిరాదు. ఇంకో జాగ్రత్త: లోపల మట్టం తక్కువగా ఉన్నప్పుడు గండి కొడితే పై పొరలోని ప్రాణవాయువు ఉన్న నీరు పోయి, అడుగున ప్రాణవాయువు లేని నీరు మిగులుతుంది. చేపలు మూకుమ్మడిగా చచ్చిన ఉదాహరణలు ఉన్నాయి.

మొగ ఎంత వెడల్పైతే అంత మంచిదా?

కాదు. మొగ మరీ పెద్దదైతే లగూన్ ఒక చిన్న అఖాతంగా మారిపోతుంది. ఉప్పదనం అంతటా ఒకటే అయిపోయి, మంచినీటి అంచున బతికే జాతులు పోతాయి. ఆటు బలం పెరిగి, నిలదొక్కుకోని పిల్లలను బయటికి లాగేస్తుంది. వెనిస్‌లో ఇబ్బంది మరోలా ఉంది. నగరాన్ని ముంపు నుంచి కాపాడేందుకు అక్కడి మూడు మొగల్లో అమర్చిన 78 గేట్లను తొలిసారి 2020 అక్టోబరులో నిజమైన ముంపు వేళ లేపారు. గేటు లేచి ఉన్నంతసేపు నీటితో పాటు లార్వాల రాకా ఆగుతుంది. గేట్లు ఎన్నిసార్లు, ఏ కాలంలో లేస్తాయన్నదే అసలు విషయం.

వరదలో లార్వాలు కొట్టుకుపోతాయా?

కొన్ని పోతాయి. అయితే వరద వాసనే చాలా జాతులకు "ఇక్కడ లగూన్ ఉంది" అని చెప్పే కబురు. వరద తగ్గుముఖం పట్టాక వచ్చే పోట్లలో పిల్లల రాక తరచుగా పెరుగుతుంది.

పగడపు దీవుల లగూన్లలో కూడా ఇలాగే జరుగుతుందా?

అక్కడ పోటు కంటే కెరటాలదే పెత్తనం. కెరటం పగడపు గట్టు మీద విరిగి నీరు లోపలికి పడుతుంది, లోతైన పాయల గుండా బయటికి పోతుంది. చేప పిల్లలు చీకటి రాత్రుల్లో గట్టు మీదుగా దాటుతాయి. గట్టు మీదే స్థిరంగా వల కట్టి వాటిని లెక్కిస్తారు.

లార్వాల రాకను ఎలా కొలుస్తారు?

మొగలో ప్రవాహానికి ఎదురుగా సన్నకన్ను వల నిలుపుతారు. వల కన్ను మిల్లీమీటరులో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటే చాలు. వల మూతి దగ్గర నీటి వేగం కొలిచే చిన్న ఫ్యాన్ లాంటి మీటరు తప్పనిసరి. అది లేకపోతే ఎంత నీటిలో ఎన్ని పిల్లలో చెప్పలేం, పక్క రాత్రితో పోల్చనూ లేం. పై పొరకూ అడుగుకూ వేరువేరు వలలు, పోటుకూ ఆటుకూ వేరువేరు నమూనాలు తీయాలి. లోపలికి వచ్చినవి మైనస్ బయటికి పోయినవి అన్నదే మనకు కావలసిన అంకె. పోటు లెక్క మాత్రమే చూపించే నివేదికలను కొంచెం అనుమానంతో చదవండి.

మొగ దగ్గర పిల్లలను పట్టడం వల్ల నిజంగా నష్టమా?

నష్టమే. హేచరీలు బాగా పెరగక ముందు చెరువుల కోసం సముద్రపు సీడ్‌ను సన్నకన్ను వలలతో పట్టేవారు. కావలసిన టైగర్ పిల్లలను ఏరుకుని, అంతకు ఎన్నో రెట్లు ఉన్న ఇతర చేప, పీత పిల్లలను ఒడ్డున పారబోసేవారు. మొగకు అడ్డంగా కట్టే సంచి వలలదీ అదే తీరు. సరస్సు మొత్తానికి దారి అదొక్కటే కాబట్టి అక్కడ ఒక్క వల చేసే నష్టం లోపల పది వలలు చేయవు.

సముద్ర మట్టం పెరిగితే మొగలు వాటంతట అవే తెరుచుకుంటాయా?

అలాగని నమ్మకంగా చెప్పలేం. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సగటు సముద్ర మట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. తిన్నె వెనక్కి జరగడానికి చోటు ఉంటే లగూన్ కూడా జరుగుతుంది. వెనక రోడ్డో గట్టో ఉంటే మధ్యలో నలుగుతుంది. ఈలోగా నీటి వేడి పెరగడంతో లార్వాలు త్వరగా ఎదుగుతాయి. అంటే తక్కువ రోజులు తేలుతాయి, మునుపటిలా అదే మొగకు చేరతాయన్న భరోసా ఉండదు.

లోపలికి వచ్చిన పిల్లలు మళ్ళీ సముద్రానికి ఎప్పుడు వెళ్తాయి?

రొయ్యలు కొన్ని నెలల్లోనే, పూర్తిగా ఎదగకముందే బయలుదేరతాయి. ఈసారి వాడుకునేది ఆటును, అదీ రాత్రి ఆటును. అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో, వాన పడి ఉప్పదనం తగ్గిన రోజుల్లో ఈ కదలిక జోరుగా ఉంటుంది. మొగ దగ్గర రొయ్య వలలకు పంట పండేది ఆ రాత్రులే. కాబట్టి వేటకు సెలవు ప్రకటించదలచినవారు లోపలికి వచ్చే నెలలతో పాటు బయటికి పోయే ఆ కొద్ది రాత్రులనూ లెక్కలో వేసుకోవాలి.